ఒక్క కారుకు స్టీరింగ్ రాడ్డు వేస్తే చాలదు: నెల్లూరు బాడుగ కార్ల డ్రైవర్లకు, ఓనర్లకు బహిరంగ లేఖ

నెల్లూరు టౌన్‌లో బాడుగ కార్లు నడుపుకునే అన్నలకు, తమ్ముళ్లకు, కారు స్టాండ్ల పెద్దలకు నమస్కారం.

ఈ ఊళ్లో 27 ఏళ్లుగా స్టీరింగ్ పట్టుకుని బతుకుతున్నవాణ్ణి. మీలో చాలామందికి నా పేరు తెలియకపోయినా ముఖం తెలుసు. పౌర్ణమి ముందురోజు అరుణాచలం ట్రిప్పులకు ఒకరి వెనక ఒకరం బయల్దేరి, నాయుడుపేట దగ్గర ఒకే టీ కొట్టు ముందు బండ్లు ఆపినవాళ్లం. అర్ధరాత్రి ఫోనొస్తే గుండెనొప్పి మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టుకుని చెన్నై ఆస్పత్రికి పరిగెత్తినవాళ్లం. బండి అంటే మనకేందో ఒకరికొకరం చెప్పుకోవాల్సిన పని లేదు.

నాకిప్పుడు సొంత బండి లేదు. యాక్టింగ్ డ్రైవరుగా ఎవరు పిలిస్తే వాళ్ల బండికి పోతున్నా. కారు పోయిందని మీలో చాలామందికి తెలుసు. ఎట్లా పోయిందో, పక్కనే ఇంకో కారు ఉండగా నాదే ఎందుకు పోయిందో తెలిసినవాళ్లు తక్కువ. అది చెప్పి, మీ అందరి దగ్గరా ఒక మాట తీసుకోవాలని ఈ లేఖ రాస్తున్నా. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు ఇప్పుడెందుకయ్యా అని కొందరు అనుకోవచ్చు. మీ బండ్లు ఇంకా మీ ఇళ్ల ముందే ఉన్నాయి కాబట్టి చెప్తున్నా.

పోయినేడు అక్టోబరు చివర, వానలు మొదలైన రోజులు. అరుణాచలం ట్రిప్పు ముగించుకుని రాత్రి 11 గంటలకు ఇంటికొచ్చా. వేదాయపాళెంలో మాది సన్న వీధి. ఇళ్లలో కారు పెట్టుకునే జాగా ఎవరికీ లేదు. అందరం గోడవారగా వీధిలోనే పెట్టుకుంటాం. మా పక్కింటి మాస్టారు రిటైరైనాక కొనుక్కున్న చిన్న కారు ముందర ఉంది. దాని వెనక నా ఏడు సీట్ల బండి పెట్టి, తలుపులు లాక్ చేసి, రెండుసార్లు లాగి చూసుకుని లోపలికి పోయా. పన్నెండున్నర ప్రాంతంలో పెద్ద వాన. రేకుల మీద చప్పుడుకు ఒకసారి మెలకువ వచ్చింది. ఒంటిగంటన్నరకల్లా ఆగిపోయింది, మళ్లీ నిద్రపట్టింది.

ఐదింటికి మా ఆవిడ వాకిలి చిమ్మడానికి తలుపు తీసి, అక్కణ్ణించే అడిగింది. "ఏమయ్యా, కారు ఎవరికన్నా ఇచ్చినావా?"

నేను బయటికొచ్చి చూస్తే వీధంతా తడిసి ఉంది, నా బండి నిలబడిన మేర మాత్రం పొడిగా ఉంది. కొలత పెట్టి గీసినట్టు, బండి పొడవు, బండి వెడల్పు. దాని మధ్యలో నూనె చుక్క పడిన పాత మరక. ఒక అంచున పటిక బెల్లం చిదిపి పోసినట్టు అద్దం ముక్కలు. ఆ పొడి నేల మీద ఎంతసేపు నిలబడ్డానో నాకు గుర్తులేదు. తర్వాత వచ్చిన పోలీసాయన దాన్ని చూసి, "వాన ఆగినాకనే తీసుంటాడు" అన్నాడు. వానకు ముందే తీసి ఉంటే ఆ చోటు కూడా తడిసేది కదా.

అప్పుడు మాస్టారు బయటికొచ్చి తన కారు చుట్టూ తిరిగి చూసుకుంటూ, డ్రైవరు వైపు అద్దం దగ్గర ఆగిపోయారు. నన్ను పిలిచారు. అద్దమంతా వాన చుక్కలు. ఆ చుక్కల మధ్య రెండు అరచేతుల మేర చెరిగిపోయి ఉంది. రెండు చేతులకూ మధ్య ఇంకొంచెం చెరుపు, నుదురు ఆనించినట్టు. ఎవడో చేతులు అడ్డం పెట్టుకుని లోపలికి తొంగిచూశాడు. లోపల స్టీరింగ్‌కు అడ్డంగా ఎర్ర రాడ్డు ఉంది, తాళం వేసి. అది చూశాడు, నాలుగడుగులు వెనక్కి నడిచి నా బండి దగ్గరికొచ్చాడు. నా దాంట్లో ఏ రాడ్డూ లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నా. పొద్దున తీసి చూస్తే ఫాస్టాగ్ మెసేజ్ ఉంది. 2 గంటల 52 నిమిషాలకు వెంకటాచలం టోల్‌ప్లాజాలో డబ్బులు కట్ అయినాయి. నా బండి దొంగకు నేనే టోలు కట్టి పంపించా. ఆ తర్వాత బూదనం టోలు నుంచి మెసేజ్ రాలేదు. గూడూరు దగ్గర హైవే దిగిపోయాడో, స్టిక్కరు పీకేశాడో. ఫోన్ మోగి ఉంటే, నేను 112కు కొట్టి ఉంటే, గూడూరు లోపలే ఎవరో ఒకరు ఆపి ఉండేవాళ్లేమో. ఈ "ఉంటే"లతో ఎన్నో రాత్రులు నిద్ర లేకుండా గడిపా. మీరందరూ ఇవాళే ఫాస్టాగ్ మెసేజ్‌కు గట్టి రింగు పెట్టుకోండి. మన బండ్లు రాత్రిళ్లు ఊరికే టోలు దాటవు.

బండి ఇప్పటికీ దొరకలేదు. ఇన్సూరెన్స్ కూడా రాలేదు. ఎందుకంటే, అంతకు ముందు ఫిబ్రవరిలో కిస్తీలు తీరిపోయినాయి. ఇంక ఫైనాన్స్ వాళ్ల బలవంతం లేదు కదా, బండి పాతబడింది కదా అని రెన్యువల్‌లో థర్డ్ పార్టీ ఒక్కటే కట్టించా. పద్నాలుగు వేలు మిగిలినాయి. ఆ డబ్బుతో రెండు టైర్లు వేయించా. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల ఎదుటివాడికి జరిగే నష్టానికే. మన బండి దొంగల పాలైతే దానిలో ఒక్క రూపాయి రాదు. నాకు తెలియక కాదు. తెలిసీ, మనకేం అవుతుందిలే అనుకున్నా.

ఇక అసలు మాటకొస్తా.

ఆ రోజు సాయంత్రం మాస్టారు మా ఇంటికొచ్చి, కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి, "నా రాడ్డు వల్లనే నీ బండి పోయిందబ్బయ్యా" అన్నారు. కళ్లల్లో నీళ్లు. నేను ఆయన చేతులు పట్టుకుని కూర్చోబెట్టా. ఆయన తప్పు ఏముంది అందులో? అంతకు రెండు నెలల ముందే నన్ను కూడా కొనుక్కోమని చెప్పిన మనిషి. "మన వీధిలో ఎవడొస్తాడు మాస్టారూ" అని నేనే తీసిపారేశా. కానీ ఆయన మాట మాత్రం నాలో ఉండిపోయింది. అందులో ఒక నిజం ఉంది. కనిపించే తాళం దొంగను ఆపదు, పక్కకు మళ్లిస్తుంది. పక్కన తాళం లేని బండి ఉంటే దాని మీదికి.

మాస్టారు లెక్కల టీచరు. ఊరికే కూర్చునే మనిషి కాదు. ఆ తర్వాత ఆయన చదివి నాకు చెప్పిన సంగతి ఇది. పశ్చిమ జర్మనీలో కారు స్టీరింగ్‌కు తాళం ఉండి తీరాలని చట్టం చేశారు. కొత్త కార్లకే కాదు, 1963 నాటికి పాత కార్లకు కూడా, రోడ్డు మీద తిరిగే ప్రతి బండికీ. కార్ల దొంగతనాలు బాగా పడిపోయినాయి, మళ్లీ పాత స్థాయికి చాలా ఏళ్ల దాకా రాలేదు. ఇంగ్లండులో మాత్రం 1971 నుంచి కొత్తగా అమ్మే కార్లకే పెట్టారు. అక్కడ ఏమైందంటే కొత్త కార్లు దొంగిలించడం తగ్గింది, తాళం లేని పాత కార్ల దొంగతనం పెరిగింది. తాళం అదే, దొంగలూ అట్లాంటివాళ్లే. తేడా అంతా అందరికీ ఉందా, కొందరికే ఉందా అన్నదాంట్లోనే ఉంది.

ఇది వినగానే నాకు మా వీధిలో ఆ పొడి నేల కళ్ల ముందు కనిపించింది. మాస్టారి కారు ఇంగ్లండు కొత్త కారు, నాది ఇంగ్లండు పాత కారు.

అన్నలారా, మన స్టాండుల్లో రాత్రిపూట ఎన్ని బండ్లు వరసగా నిలబడతాయో మీకు తెలుసు. పది బండ్లలో రెండింటికి రాడ్డు ఉంటే ఆ రెండూ క్షేమం, మిగిలిన ఎనిమిదిలో ఒకటి పోతుంది. పదింటికీ ఉంటే వచ్చినవాడు ఏం చేస్తాడు? ఇంకో వీధి చూసుకుంటాడు అంటారు. ఆ వీధిలో కూడా ఉంటే? ఇట్లా ఊరంతా ఎప్పటికవుతుందని నిరాశపడొద్దు. ఈ ఊళ్లో రాత్రి రోడ్డు మీద నిలబడే బండ్లలో పెద్ద భాగం మనవే. మనం ఒక మాట మీదికొస్తే చాలావరకు అయిపోయినట్టే. అందుకే ఈ లేఖ ఒక్కొక్కరికీ విడిగా రాయకుండా అందరికీ కలిపి రాస్తున్నా. ఒక్కడు కొనుక్కుంటే తన బండి దక్కించుకుంటాడు, అంతే. అందరం ఒకే రోజు నుంచి వేస్తేనే అందరి బండ్లూ దక్కుతాయి.

రాడ్డంటే పెద్ద యంత్రమేం కాదు. ఒకదాంట్లో ఒకటి దూరే రెండు ఇనప కడ్డీలు. ఒక్కోదానికి ఒక కొక్కెం. స్టీరింగ్ చక్రం లోపలి వైపు నుంచి రెండు కొక్కేలనూ ఎదురెదురుగా తగిలించి కడ్డీని బయటికి లాగితే బిగుసుకుంటుంది. తాళం పడితే ఇంక లోపలికి రాదు. కడ్డీ తోక చక్రం దాటి పొడుగ్గా ఉంటుంది. చక్రం తిప్పబోతే ఆ తోక ముందు అద్దానికో తలుపుకో సీటుకో తగిలి ఆగిపోతుంది. వైర్లు కలిపి ఇంజను స్టార్టు చేసినా బండి తిన్నగా తప్ప పోదు. మన సంతపేట సందుల్లో, స్టోన్‌హౌస్‌పేట మలుపుల్లో తిన్నగా ఎంత దూరం పోతాడు?

కంపెనీ ఇచ్చిన స్టీరింగ్ లాక్ ఉంది కదా అని మీరు అడుగుతారు. తాళం చెవి తీసినాక చక్రాన్ని కొంచెం తిప్పితే టక్కున పడుతుందే, అదే. అది స్టీరింగ్ కాలమ్ లోపల పడే చిన్న ఇనప ముక్క. బలమున్నవాడు రెండు చేతులా పట్టి గట్టిగా విదిలిస్తే విరుగుతుంది. మనలో సగంమంది ఆ టక్ అనే చప్పుడు వినకుండానే దిగిపోతాం కూడా. దాన్ని కూడా వేయండి. వేసేటప్పుడు ముందు చక్రాలను కాలవ గోడ వైపుకు తిప్పి ఆపండి. తాడు కట్టి లాక్కుపోదామన్నా బండి గోడ వైపుకే వస్తుంది.

రాడ్డును విరగ్గొట్టలేరా అంటే, కొట్టగలరు. నిజమే చెప్పాలి. స్టీరింగ్ చక్రం లోపల ఉండేది సన్నటి లోహపు రింగు, పైన మెత్తటి పూత. రంపపు బ్లేడు తెచ్చినవాడు రాడ్డు జోలికి పోకుండా చక్రాన్నే కోసి కొక్కేన్ని ఊడదీయగలడు. కానీ కోయాలంటే తలుపు తెరిచి లోపల కూర్చోవాలి, చప్పుడు చేయాలి, వీధిలో ఎవడైనా లైటు వేస్తాడేమోనని వణుకుతూ కొన్ని నిమిషాలు గడపాలి. నా బండి అద్దం పగలగొట్టి తీసుకుపోవడానికి వాడికి ఎంతసేపు పట్టిందో తెలియదు గానీ, పక్కనే పడుకున్న మా ఇంటిలో ఎవరికీ మెలకువ రాలేదు. రాడ్డు కొనేది ఉక్కు కోసం కాదు, ఆ నిమిషాల కోసం. అందుకే కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించే ఎరుపో పసుపో కొనండి. నల్లది అందంగా ఉంటుంది, కానీ రాత్రి తొంగిచూసినవాడికి కనపడదు. కనపడకపోతే ముందు అద్దం పగలగొడతాడు, ఆ తర్వాతే చూస్తాడు.

బటన్ నొక్కితే స్టార్టయ్యే కొత్త బండ్లున్న తమ్ముళ్లకు ఒక మాట. మీ తాళం చెవిలో చిప్ ఉంది, ఆ చిప్ లేకుండా ఇంజను పలకదు. మంచిదే, అట్లాంటిది లేక నా పాత బండి వైర్లకే లొంగిపోయింది. కానీ ఆ చిప్‌కూ ఉపాయాలు వచ్చినాయి. ఇంట్లో గోడకు తగిలించిన తాళం సిగ్నల్‌ను బయట నుంచి పట్టి కారు దాకా చేరవేసే పరికరాలు ఉన్నాయి. మెకానిక్‌లు కంప్యూటరు తగిలించే పోర్టులోనే ఇంకో పరికరం గుచ్చి బండికి కొత్త తాళం నేర్పించేవాళ్లూ ఉన్నారు. ఇట్లాంటి దొంగతనాలు పెరిగినాకనే బ్రిటన్‌లో పోలీసులు మళ్లీ ఆ పాతకాలపు రాడ్డే వేసుకోమని జనానికి చెప్తున్నారు. ఎలక్ట్రానిక్స్‌ను ఏమార్చొచ్చు గానీ చక్రం తిప్పకుండా కారును ఎవడూ తీసుకుపోలేడు.

అమెరికాలో జరిగింది కూడా మాస్టారే చెప్పారు. 2022 ప్రాంతంలో అక్కడ చాలా హ్యుందాయ్, కియా కార్లు వరసగా దొంగతనాలకు గురైనాయి. అక్కడ అమ్మిన కొన్ని ఏళ్ల మోడళ్లలో చిప్ తాళం లేదు, వాటిని ఎట్లా స్టార్ట్ చేయొచ్చో కుర్రాళ్లు వీడియోలు తీసి ఫోన్లలో తిప్పారు. కంపెనీలు 2023 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ మార్పు ఇవ్వడం మొదలుపెట్టాయి. అదొక్కటే సరిపోదని పోలీస్ స్టేషన్ల ద్వారా స్టీరింగ్ రాడ్లు ఉచితంగా పంచిపెట్టారు. అంత పెద్ద దేశంలో కూడా చివరికి చేతికి ఇచ్చింది ఈ ఇనప కడ్డీనే. మన జిల్లా పోలీసు అధికారులు ఈ లేఖ చదివితే వాళ్లకు నా మనవి కూడా అదే. ఉచితంగా ఇవ్వమని అడగను. స్టాండు సమావేశాలకు ఒక పూట వచ్చి, మా డ్రైవర్లకు ఈ మాట మీ నోటితో చెప్పండి. హెల్మెట్ గురించి, డ్రంక్ అండ్ డ్రైవ్ గురించి చెప్పినట్టే. మీరు చెప్తే వినేవాళ్లు ఎక్కువ.

జీపీఎస్ ఉంది కదా అనేవాళ్లూ ఉన్నారు. 2019 నుంచి కొత్త ప్రయాణికుల బండ్లకు ట్రాకర్, పానిక్ బటన్ పెట్టాలన్న నిబంధన ఉంది. ఉంటే వదులుకోవద్దు. కానీ అది పోయిన బండిని వెతకడానికి, పోకుండా ఆపడానికి కాదు. ఎక్కడ బిగిస్తారో తెలిసినవాడు ముందు దాని వైరే తెంపుతాడు.

వాడే పద్ధతిలో మాత్రం జాగ్రత్త. నేను యాక్టింగ్‌కు పోయిన ఒక బండిలో రాడ్డును డ్రైవరు సీటు కింద పడేసి ఉన్నారు. మనుబోలు దాటినాక సడన్‌గా బ్రేక్ వేస్తే అది దొర్లుకుంటూ వచ్చి నా పాదం పక్కన ఆగింది. ఇంకొక్క జానెడు ముందుకొస్తే బ్రేక్ పెడల్ కిందికి పోయేది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలున్నారు. కాబట్టి ట్రిప్పులో ఉన్నప్పుడు రాడ్డు డిక్కీలో ఉండాలి, లేదా వెనక సీటు కింద గుడ్డలో చుట్టి కదలకుండా కట్టి ఉండాలి. డ్రైవరు కాళ్ల దగ్గర ఎప్పుడూ వద్దు. రోహిణి కార్తెలో ఎండలో పెట్టిన బండిలో ఈ కడ్డీ కాలిన పెనంలా ఉంటుంది, ఒక పాత తువ్వాలు దగ్గర పెట్టుకోండి. రాడ్డు తాళం చెవి కారు తాళం గుత్తికే వేయకండి. గుత్తి పోతే రెండూ పోతాయి. రెండో తాళాన్ని డాష్‌బోర్డులో దాచే అలవాటు మనలో చాలామందికి ఉంది. దాన్ని ఇవాళే మానుకోండి. దొంగ అద్దం పగలగొట్టినాక మొదట చేయి పెట్టేది అక్కడే.

బయటి ఊళ్లలో ఇంకా అవసరం. అరుణాచలంలో గిరి ప్రదక్షిణకు యాత్రికులు పోయినాక మనం ఏ పొలంలోనో బండి ఆపి నిద్రపోతాం. రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా చుట్టుపక్కల, స్వర్ణాల చెరువు గట్టు దాకా ఎన్ని వందల బండ్లు నిలబడతాయో చూసినవాళ్లమే. జొన్నవాడ బ్రహ్మోత్సవాలప్పుడు, పెంచలకోనలో, ఇంతే. ఎవరి బండిని ఎవరు తీస్తున్నారో అడిగే నాథుడు ఉండడు. బండిలోనే పడుకునేవాళ్లు కూడా రాడ్డు వేసుకోండి, తాళం మెడలో వేసుకోండి. స్నానానికో టిఫిన్‌కో దిగిన పావుగంటలో బండి పోయినవాళ్ల సంగతి మనం వినలేదా?

ఓనర్లకు ప్రత్యేకంగా ఒక మాట. బండి మీది, నడిపేది ఇంకొకరు. రాడ్డు మీరే కొనివ్వండి, దాని ఖరీదు డ్రైవరు జీతంలో కోయకండి. మాస్టారు తన రాడ్డు 1,150 రూపాయలకు కొన్నారు. చెన్నై ఎయిర్‌పోర్టుకు ఒక్కసారి పోయొస్తే డీజిలుకే అంతకు మించి అవుతుంది. బండి పోతే డ్రైవరునే అనుమానించే రోజులు ఇవి. నా బండి నాదే కాబట్టి నన్నెవరూ అనలేదు. ఇంకొకరి బండి నా చేతిలో ఉండగా పోయి ఉంటే నేను ఈ ఊళ్లో ఎట్లా తలెత్తుకునేవాణ్ణో ఊహించుకుంటే భయమేస్తుంది.

ఇన్సూరెన్స్ గురించి నాలుగు ముక్కలు, నా పాఠం మీకు పనికొస్తుందని. కిస్తీలు తీరినా బండి మీద ఫుల్ ఇన్సూరెన్స్ తీసేయొద్దు. దొంగతనానికి కంపెనీ ఇచ్చేది పాలసీలో రాసిన ఐడీవీ, అంటే బండికి కట్టిన విలువ, దాని మీద లెక్క. రెన్యువల్‌లో ఆ అంకె ఎంత వేశారో చూసుకోండి, ప్రీమియం తగ్గించడానికి దాన్ని మరీ తగ్గించి రాయించొద్దు. క్లెయిమ్‌కు పోతే రెండు ఒరిజినల్ తాళాలూ అడుగుతారు. ఒకటి లేకపోతే ఎక్కడ పోయిందో, ఎప్పుడు పోయిందో చెప్పుకోవాల్సి వస్తుంది, కాబట్టి తాళం పోయిన రోజే స్టేషన్‌లో కాగితం పెట్టుకోండి. బండి పోయిన గంటలోనే 112కు చెప్పి, ఎఫ్‌ఐఆర్ వేయించుకోండి. మీ స్టేషన్ హద్దు కాకపోయినా తీసుకోవాలి, జీరో ఎఫ్‌ఐఆర్ అని కొత్త చట్టంలో ఉంది. కంపెనీకి కూడా వెంటనే చెప్పండి. ఎఫ్‌ఐఆర్ వెంటనే వేసి, కంపెనీకి చెప్పడంలో మాత్రమే ఆలస్యమైతే ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి చెప్పింది. ఎవరైనా మిమ్మల్ని ఆ మాట చెప్పి వెనక్కి పంపితే ఈ తీర్పు సంగతి అడగండి. ఆర్టీఏ ఆఫీసులో కూడా రాసివ్వండి, మీ నంబరు ఇంకొకరి పేరు మీదికి మారకుండా.

దొంగకు శిక్ష సంగతి కూడా తెలుసుకోండి. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మామూలు దొంగతనానికి మూడేళ్ల దాకా శిక్ష. ప్రయాణికులనో సరుకునో మోసే బండిని దొంగిలిస్తే 305వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా పడుతుంది. ఫిర్యాదు రాసేటప్పుడు పసుపు బోర్డు బండి అని, బాడుగకు తిప్పే బండి అని స్పష్టంగా రాయించండి.

ఇంక మీ అభ్యంతరాలు. పదిహేను గంటలు నడిపి వచ్చినాక దీన్ని ఎవరు బిగిస్తారన్నా అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి, హైదరాబాదు నుంచి అప్పుడే దిగాడు. నాకు కోపం రాలేదు. వాడి చేతే వేయించి లెక్కపెట్టా, పదిహేను అంకెలు లెక్కపెట్టే లోపు అయిపోయింది. తీయడానికి అంత కూడా పట్టలేదు. ఇంకొకాయన, ఊళ్లో ఎన్ని కార్లు పోతున్నాయని ఇంత గోల చేస్తున్నావన్నాడు. ఎన్ని పోతున్నాయో నేను చెప్పలేను. పోయినవాడి ఇంట్లో ఏం పోతుందో చెప్పగలను. మా పెద్దమ్మాయి ఇంజినీరింగ్ రెండో ఏడాది ఫీజు కోసం మా ఆవిడ గాజులు తాకట్టుకు పోయినాయి. ఇంకా రాలేదు.

నేను అడిగేది ఇది. ప్రతి స్టాండులో పెద్దలు ఒక రోజు కూర్చుని తేదీ పెట్టండి. ఆ తేదీ నుంచి స్టాండులో రాత్రి నిలిచే ప్రతి బండికీ, మన ఇళ్ల ముందు నిలిచే ప్రతి బండికీ రాడ్డు. కొనలేనివాళ్లుంటే స్టాండు నిధి నుంచి ముందు కొనిచ్చి, ట్రిప్పుకు యాభయ్యో వందో పట్టుకోండి. ఒకేసారి వంద కొంటామంటే ఆటోనగర్ షాపుల వాళ్లు ధర తగ్గిస్తారు, నేను మాట్లాడి వచ్చా. రాత్రి పన్నెండు దాటినాక స్టాండులో మేలుకునే మనిషి ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లు టార్చి పట్టుకుని వరసలో ఒకసారి నడిచి, రాడ్డు లేని బండి కనిపిస్తే ఆ డ్రైవరును లేపండి. నిద్ర చెడగొట్టారని ఎవరూ కోప్పడొద్దు.

మా స్టాండులో టీ కొట్టు దగ్గర ఒక నోటుబుక్కు పెట్టాం. ఒప్పుకున్నవాళ్లు బండి నంబరు, పేరు రాసి సంతకం పెడుతున్నారు. ఈ లేఖ రాసేటప్పటికి 31 బండ్లు ఎక్కినాయి. మాస్టారికి స్టాండుతో సంబంధం లేకపోయినా ఆయన కారు నంబరు మొదటి పేజీలో ఉంది. ఆయనే వచ్చి రాసి పోయారు. నా బండి నంబరు కూడా రాయమని కుర్రాళ్లు అడిగారు. లేని బండికి రాయలేనన్నా. ఇప్పుడు యాక్టింగ్‌కు పోయే ప్రతి బండిలో రాడ్డు ఉందా అని ముందు అడుగుతున్నా. లేదంటే మాస్టారు నాకిచ్చిన రాడ్డు నా సంచిలో ఉంటుంది, దాన్ని వేసుకుని పడుకుంటున్నా.

వచ్చే ఆదివారం సాయంత్రం 6 గంటలకు మినీ బైపాస్ స్టాండులో అందరం కలుస్తున్నాం. మీ నోటుబుక్కు మీరు తెచ్చుకోండి.

ఇట్లు,
మీ తోటి డ్రైవరు,
వేదాయపాళెం, నెల్లూరు